వేడినీటి స్నానము – శరణధర్మ దృష్టి

ఉదయ స్నానము, విభూతి ధారణము, ఇష్టలింగ పూజ. లింగధారియగు గృహస్థుని దినచర్యకు ఈ మూడును తొలిమెట్లు. వీనిలో రెండవదానిని, మూడవదానిని గూర్చి గురువులు ఉపదేశించుచునే యుందురు; విధులను తెలుపు గ్రంథములును కలవు. మొదటిదానిని గూర్చి విచారించువారు మాత్రము తక్కువ. చెంబుతో నీళ్ళు పోసికొనుటలో ధర్మసూక్ష్మమేమున్నదని లోకులు తలంతురు. చన్నీటి స్నానమునకు ఆ మాట కొంత చెల్లవచ్చును. నీరు వేడిదైనప్పుడు చెల్లదు. వేడినీటి చెంబు వెనుక ఒక పొయ్యి యున్నది, కొంత కట్టె యున్నది, కొంత పొగ యున్నది. అన్నిటికంటె ముఖ్యముగ, తెల్లవారకముందే లేచిన ఒక మనిషి యున్నది. ఆ మనిషి పెక్కు ఇండ్లలో ఆ ఇంటి కోడలు.

కావున ప్రశ్న ఇట్లు నిలుచును: తన దేహశుద్ధికై వేరొకరిని పొగలోను చలిలోను ఉంచిన భక్తుని స్నానము శుద్ధి యనిపించుకొనునా? చిన్న విషయమని దీనిని త్రోసివేయరాదు. సంవత్సరమున కొకమారు చేయు పండుగలో పొరపాటు జరిగినచో అది ఒకమారే జరుగును. ప్రతిదినము చేయు పనిలో అన్యాయమున్నచో అది ఇంటి గోడవలె దినదినమును పెరుగును.

స్నానము యోగ్యత నిచ్చునా?

ముందుగ ఒక అపోహను తొలగించుకొనవలెను. స్నానము చేయువరకు దేహము అపవిత్రమనియు, స్నానముతో పవిత్రమై పూజకు అర్హమగుననియు చాలమంది నమ్ముదురు. ఈ నమ్మకము ఇతర సంప్రదాయముల నుండి వచ్చి వీరశైవ గృహములలో స్థిరపడినదే గాని శరణులు బోధించినది కాదు.

12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు నడపిన ధర్మోద్యమము బాహ్యశుద్ధిని గూర్చిన భయమును మూలమునకే కదలించినది. నీటిలో మునిగినంత మాత్రమున పాపము పోవునను నమ్మకమును ఆయన పెక్కు వచనములలో ప్రశ్నించెను. దొంగతనము, హింస, అసత్యము, కోపము, పరనింద, ఆత్మస్తుతి మొదలగువానిని విడుచుటలోనే లోపలి శుద్ధియు వెలుపలి శుద్ధియు ఉన్నవని ఆయన బోధ. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి అను ఐదింటి వలన కలుగునని లోకము చెప్పు సూతకములు లింగధారికి లేవని వీరశైవము నిర్ధారించినది. పురిటి మైల లేదు, చావు మైల లేదు, ముట్టు లేదు. మైలయే లేనప్పుడు మైలను కడుగు స్నానమునకు తావెక్కడ?

ఇష్టలింగధారణమును ఆలోచించినను ఈ సంగతి స్పష్టమగును. ఇష్టలింగము దేవళములో ఉండునది కాదు. అది భక్తుని ఎదపై పగలును రాత్రియు ఉండును. భక్తుడు నిద్రించినను, జ్వరముతో పడియున్నను, పొలములో చెమటోడ్చినను అది దేహమును విడువదు. స్నానము చేయని దేహము అపవిత్రమైనచో రాత్రియంతయు ఆ దేహముపై ఉన్న లింగమున కేమి గతి? లింగమునకు మైల సోకినదని ఏ భక్తుడును అనడు. కావున దేహమునకును మైల లేదు. ఉన్నది మురికి మాత్రమే. మురికి వేరు, మైల వేరు. మురికి నీటితో పోవును. మైల యనునది మనసు కల్పించినది, అది మనసు మారిననే పోవును.

అట్లైనచో స్నానమెందుకు? దేవుడు లేడని ఎవరును గుడిని ఊడ్వరు, దేవుడున్నాడనియే ఊడ్తురు. దేహమే దేవాలయమన్నది బసవేశ్వరుని ప్రసిద్ధమైన భావము. ఆ ఆలయమును ప్రాతఃకాలమున కడిగి శుభ్రపరచుట భక్తుని మర్యాద. అది అర్హతను సంపాదించుట కాదు, ఉన్న అర్హతకు తగినట్లు నడచుకొనుట. ఈ భేదమును గుర్తించినవాడు జ్వరపీడితుని, వానకై ఎదురుచూచు ఊరిలో రెండు బిందెల నీటితో దినము గడుపు కుటుంబమును, స్నానము లేదన్న కారణమున పూజకు దూరము చేయడు. తడి గుడ్డతో ముఖమును చేతులను తుడిచికొని విభూతి ధరించినవాని పూజ, గంగాళమెడు నీరు కుమ్మరించుకొన్నవాని పూజకు తీసిపోదు.

సుఖము దోషమా?

ఇంకొక పక్షమున్నది. చన్నీటి స్నానమే శ్రేష్ఠమనియు, వేడినీరు భోగమనియు, భోగము సాధకునికి తగదనియు వాదించువారు కలరు. ఈ వాదము వినుటకు గంభీరముగ ఉండును గాని శరణమార్గమునకు సరిపడదు. ఆ మార్గము దేహమును శత్రువుగ చూచినది కాదు. కాయకము చేయవలసినది ఈ దేహము. దాసోహము చేయవలసినవి ఈ చేతులు. పుష్యమాసపు చలిలో డెబ్బదియేండ్ల వృద్ధుడు వణకుచు చన్నీళ్ళు పోసికొనినంత మాత్రమున లింగము సంతోషించునని తలచుట, లింగమును కఠినుడైన యజమానిగ ఊహించుట యగును.

వేడినీరు చర్మముపైని నూనెను, జిడ్డును త్వరగ వదలించును. దాని వేడికి చర్మమందలి రక్తనాళములు విప్పారును, బిగిసిన కండరములు సడలును. దినమంతయు నాగలి పట్టినవానికిని, మగ్గము ముందు కూర్చున్నవానికిని, బస్తాలు మోసినవానికిని సాయంకాలపు వేడినీటి స్నానము విలాసము కాదు. మరునాటి కాయకమునకు దేహమును సిద్ధపరచుట. కుంకుడుకాయ రసముతో తలంటుకొను స్త్రీకి, నువ్వులనూనె పట్టించి నలుగుపెట్టిన పిల్లవానికి చన్నీరు పనికిరాదు.

చన్నీటి స్నానములో సైతము ఒక చిక్కు ఉన్నది. చేయువాడు మౌనముగ చేసినచో అది అతని యిష్టము. ఊరందరికిని చెప్పుకొని, వేడినీరు వాడువారిని చిన్నచూపు చూచినచో అది ఆత్మస్తుతియు పరనిందయు నగును. బసవేశ్వరుడు విడువుమన్నవానిలో ఈ రెండును ఉన్నవి. కడవెడు చన్నీరు సైతము ఆ మురికిని కడుగజాలదు. కావున నీరు వేడిదా, చల్లనిదా అన్నది ధర్మప్రశ్న కాదు. ఆ వేడి ఎవరి శ్రమ వలన వచ్చినది, ఎంత వచ్చినది, ఎవరికి దక్కినది అన్నవే ధర్మప్రశ్నలు.

నీటి వేడికి లెక్క

నీరు వేడెక్కుటకు ఎంత ఇంధనము కావలయునో సామాన్యముగ ఎవరును లెక్కింపరు. లెక్క సులభము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలో క్యాలరీ వేడిమి పట్టును. ఇరువది లీటర్ల బక్కెటు నీటిని 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు 300 కిలో క్యాలరీలు కావలెను. విద్యుత్తు లెక్కలో అది యూనిటులో మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువ. గోడకు తగిలించిన గీజరులో నిలువ నీరు చల్లారుచు మరల కాగుచుండుట వలన ఇంకను ఎక్కువ ఖర్చగును.

కట్టెల పొయ్యి సంగతి వేరు. మూడు రాళ్ళ పొయ్యిలో మండు కట్టె వేడిమిలో పదింట తొమ్మిది వంతులు గాలిలో కలిసిపోవును. పాత్రకు చేరునది పదింట ఒకవంతు మాత్రమే. ఆ లెక్కన ఒక బక్కెటు స్నానమునకు దాదాపు ముప్పాతిక కిలో ఎండు కట్టె పట్టును. కట్టె పచ్చిదైనచో ఇంకను ఎక్కువ. ఆరుగురున్న ఇంటిలో దినమునకు నాలుగైదు కిలోలు, నెలకు నూటముప్పది కిలోల పైమాట. రాయలసీమ, తెలంగాణ పల్లెలలో కందికట్టె, పత్తికట్టె, పిడకలు, తుమ్మకొమ్మలు, కోస్తాలో కొబ్బరిమట్టలు, సరుగుడు పుల్లలు, ఏవైనను కానిండు, అంతటిని ఒకరు కొట్టి, కట్టి, మోసి, ఎండబెట్టి, వానకు తడియకుండ దాచవలెను.

కట్టెమోపు బరువు శరణసాహిత్యమునకు తెలియనిది కాదు. కట్టెలమ్మి జీవించిన మోళిగె మారయ్య కథ తెలుగువారికి పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన పరిచితమే. ఆయన పూర్వము రాజనియు, రాజ్యము విడిచి సతీసమేతుడై కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయము చెప్పును. అడవికి పోయి కట్టెకొట్టి, మోపు నెత్తిన పెట్టుకొని వీధుల నమ్మి, వచ్చిన దానితో జంగమారాధన చేయుట ఆయన కాయకము. ఆయన పేదరికమునకు జాలిపడి బసవేశ్వరుడు ఇంటిలో రహస్యముగ బంగారముంచగా ఆయన దానిని తనకై తీసికొనలేదు. శ్రమ లేకుండ వచ్చిన సొమ్ము తన దాసోహమునకు తగదని ఆయన నిశ్చయము.

ఈ కథను చెప్పుకొనుచు భక్తులు మారయ్య వైరాగ్యమును మెచ్చుకొందురు. మెచ్చదగినదే. కాని కథలో ఇంకొక పాఠమున్నది. ఒక మోపు కట్టె ఒక శరణుని దినమంత విలువైనది. దానిని పొయ్యిలో పెట్టువాడు ఆ దినమును పొయ్యిలో పెట్టుచున్నాడు. అక్కరకు పెట్టినచో అది ప్రసాదము. అక్కరలేక మండించినచో ఒకరి కాయకమును బూడిద చేయుటయే.

పొయ్యి ముందు కూర్చున్నదెవరు?

పూర్వము పెద్ద ఇండ్లలో స్నానాల గదిని ఆనుకొని గోడలో నిలిపిన రాగి కాగు, దాని క్రింద నీళ్ళ పొయ్యి ఉండెడివి. తరువాత నడుమ గొట్టము గల రాగి బాయిలరులు వచ్చినవి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ప్రారంభమైన దీపం పథకము వలనను, 2016లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉజ్జ్వల యోజన వలనను లక్షలాది పేద గృహములకు వంట గ్యాసు చేరినది. కాని గ్యాసుబండ ఖరీదు తలచి చాల ఇండ్లలో వంటను మాత్రమే గ్యాసుపైకి మార్చిరి. స్నానపు నీళ్ళు పెరటిలోని పొయ్యిమీదనే మిగిలినవి. పొగ వంటింటిని విడిచినదే గాని ఇంటి ఆడువారిని పూర్తిగ విడువలేదు. కట్టెపొగ కన్నులకును ఊపిరితిత్తులకును చేయు హాని వైద్యులందరును అంగీకరించినది.

అట్టి ఇంటిలో ఉదయమెట్లు గడచునో చూడుడు. కోడలు అందరికంటె ముందు లేచును. బావినుండియో కొళాయినుండియో నీరు తెచ్చి కాగు నింపును. పొయ్యి రాజవేయును. మామగారు స్నానము చేయును. పిదప భర్త, ఆఫీసుకు పోవు మరది, బడికి పోవు పిల్లలు, అత్తగారు. ఒక్కొక్కరికి కోడలే తొట్టిలో నీళ్ళు తోడును. ఆమె వంతు వచ్చునప్పటికి కాగు అడుగున నాలుగు చెంబుల గోరువెచ్చని నీరుండును, లేదా అదియును ఉండదు. పొయ్యిలో నిప్పును ఆరియుండును. ఆమె చన్నీళ్ళే పోసికొని, తడితల ముడిచికొని పూజకు కూర్చుండును. ఎవరును ఆమెను చన్నీళ్ళు పోసికొమ్మని చెప్పియుండరు. ఎవరును అడిగియు నుండరు.

ఈ ఇంటిలో దుర్మార్గుడెవడును లేడు. మామగారు భక్తుడు, భర్త మంచివాడు. కాని ఆమె ఎదపైనున్న లింగమును, మామగారి ఎదపైనున్న లింగమును ఒక్కటియే గదా! ఒకే లింగమునకు ఒక ఎదపై వేడినీటి మర్యాద, ఇంకొక ఎదపై చన్నీటి మర్యాద చేయుట ఏ ఆచారము? కల్యాణమందు అక్కమహాదేవి నిలిచినది, ఆయ్దక్కి లక్కమ్మ పలికినది. స్త్రీలు అనుభవమును తమ మాటలలో చెప్పిరి. ఆ శరణమార్గమును అనుసరించు కుటుంబమున స్త్రీకి కాగు అడుగునీరు మాత్రమే మిగులుట శరణధర్మమునకు కళంకము.

పెద్దలు ముందు స్నానము చేయుట గౌరవము గదాయని కొందరు అడుగవచ్చును. నిజమే. క్రమమును మార్చుమని ఎవరును అనరు. మారవలసినది కొలత. ముందు చేయువానికి వెనుకవారు జ్ఞాపకముండవలెను. కాగులో నీరు ఏడుగురిదైనప్పుడు మొదటివాడు తీసికొనదగినది ఏడవ వంతు. ఎక్కువ తీసికొనినచో కాగును మరల నింపి, పొయ్యిలో కట్టె ఎగదోసి రావలెను. అది పురుషునికి చిన్నతనము కాదు. మడివాలు మాచయ్య శరణుల బట్టలుదుకుటను కాయకముగ చేసినప్పుడు, ఇంటి యజమాని నీళ్ళ పొయ్యి రాజవేయుట ఎట్లు చిన్నతనమగును? భృత్యాచారము పంచాచారములలో ఒకటి. శరణులకు తాను భృత్యుడనని ప్రతిదినము పలుకువాడు ఇంటిలోని శరణికి ఒక బక్కెటు నీరు కాచి పెట్టలేకున్నచో ఆ పలుకు పెదవులపైనే నిలిచినది.

ఇంటి గోడకు ఆవల ఇంకొకతె యున్నది. అంట్లు తోముటకును బట్టలుతుకుటకును వచ్చు పనిమనిషి మాఘమాసపు ఉదయమున పెరటిలో చన్నీటితో జిడ్డుగిన్నెలు తోమును. లోపల గీజరు ఎఱ్ఱదీపము వెలుగుచుండును. ఆమెకు రెండు చెంబుల వేడినీరు కలిపి ఇచ్చినచో ఇంటి ఖర్చు లెక్కింపదగినంత కూడ పెరుగదు, పనియు త్వరగ తెమలును. ఇయ్యకుండుటకు కారణము ఖర్చు కాదు, తట్టకపోవుటయే. ఆమె స్నానాల గదిలో కాలుపెట్టుటకు అడ్డుచెప్పు ఇంటిలోనైతే తట్టకపోవుటకంటె పెద్ద దోషమున్నది. అచ్చట జాతిసూతకము పేరు మార్చుకొని నిలిచియున్నది. ఐదు సూతకములు లేవని వేదికపై చెప్పి, పెరటిలో ఒకదానిని పెంచువాడు ఎన్ని బక్కెట్లు పోసికొన్నను శుచి కాజాలడు.

చాలును అను మాట

ఇప్పుడు పట్టణములలో పొయ్యి లేదు, పొగ లేదు. మీట నొక్కినచో వేడినీరు వచ్చును. అచ్చట ఈ ధర్మప్రశ్న సమసిపోయినదని తోచవచ్చును. సమసిపోలేదు, కంటికి దూరమైనది. దేశమున విద్యుత్తులో హెచ్చుభాగము నేటికిని బొగ్గు మండించుట వలననే వచ్చుచున్నది. గనిలో బొగ్గు త్రవ్వు కార్మికుడును ఒక విధముగ కట్టెమోపు మోయువాడే. మోపు కనబడనంత మాత్రమున బరువు లేదనరాదు.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మ మాట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చి, దానితో దాసోహము నడపెడివాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటికి కావలసినంత ఉంచుకొని మిగిలినదానిని ఎచ్చట ఏరితివో అచ్చటనే పోసి రమ్మని పంపివేసెను. బియ్యము దొంగిలించినది కాదు, ఎవరికిని అక్కరలేక రాలిపోయినది. ఐనను అవసరమునకు మించిన సంగ్రహము ఆశ యగునని ఆమె గ్రహించినది.

మీట నొక్కి అరగంట మరచినవానికిని, బక్కెటు నిండి పొరలుచుండగ పళ్ళు తోముకొనువానికిని లక్కమ్మ మాట వర్తించును. డబ్బు తనదే గదాయని అతడు అనవచ్చును. డబ్బు తనదైనను నీరు తనది కాదు. అనంతపురమువంటి వానకరవు జిల్లాలలో వందల అడుగుల బోరులు ఎండిపోయిన సంగతి ఎల్లరకును తెలిసినదే. ఇష్టలింగము ఒక ఉద్ధరిణెడు నీటితో అభిషిక్తమై తృప్తిచెందును. లింగమును ధరించిన దేహము ఒక బక్కెటుతో తృప్తిచెందుట న్యాయము.

సూర్యుని వేడిమి ఎవరి నెత్తిన మోపును పెట్టదు. ఇంటి కప్పుపై సౌరతాపకమును అమర్చుకొనగల కుటుంబములు అట్లు చేయుట మంచిది. చిన్న కుటుంబమునకు నూరు లీటర్లది సరిపోవును. అంత శక్తిలేనివారు నల్లరంగు పూసిన బిందెను మధ్యాహ్నపు ఎండలో ఉంచి, సాయంకాల స్నానమునకు వాడుకొనవచ్చును. పొయ్యిమీద కాచువారు కాగుపై మూతపెట్టుట, ఎండు కట్టెనే వాడుట, పొగగొట్టము పెట్టించుట అను మూడింటి వలన కట్టెను, కన్నులను రక్షించుకొందురు.

జాగ్రత్తయు ధర్మమే. గ్యాసు గీజరును గాలిరాని స్నానాల గదిలో పెట్టుట ప్రాణాపాయము. దాని నుండి వెలువడగల కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. ఆ గీజరును గది వెలుపల పెట్టించి, లోపల గాలి ఆడు కిటికీ ఉంచవలెను. నీటిలో ముంచు కరెంటు కడ్డీని ప్లగ్గు తీసినపిదపనే బక్కెటును తాకవలెను. ఇంటివారి ప్రాణములను లెక్కపెట్టక పొదుపు చేయుట లక్కమ్మ చెప్పిన పొదుపు కాదు.

ఇతరులకు పోయు నీరు

మనుష్యుడు తన జీవితములో రెండు కాలములందు తనంత తాను స్నానము చేయలేడు. ఒకటి శైశవము, రెండవది వార్ధక్యము. అప్పుడు వేరొకరు నీళ్ళు పోయవలెను. స్నానము దాసోహమగుటకు ఇంతకంటె మంచి తావు లేదు.

పసిబిడ్డకు నీళ్ళు పోయు ముసలమ్మ పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, బిడ్డను కాళ్ళమీద పరుండబెట్టుకొనును. ముందు తొట్టిలో చన్నీళ్ళు పోసి, పిదప వేడినీళ్ళు కలిపి, మోచేతితో చూచును. అరచేయి పనిచేసి మొద్దుబారినది. మోచేయి నిజము చెప్పును. ఆమె చదువుకొనలేదు గాని ఆమె చేయునది శాస్త్రసమ్మతము. అరువది డిగ్రీల నీరు కొద్ది క్షణములలోనే చర్మమును కాల్చును. బిడ్డకు తగినది తన దేహపు వేడిమికి కొంచెము అటునిటు ఉన్న నీరు మాత్రమే. ముందు వేడినీరు పోసి పిదప చన్నీటికై వెదకు అలవాటు వలననే పెక్కు ఇండ్లలో పిల్లలు కాలుచుందురు.

వృద్ధునకు స్నానము చేయించుటలో ఇంకొక సున్నితమున్నది. బిడ్డకు సిగ్గు తెలియదు, వృద్ధునకు తెలియును. ఒకప్పుడు ఇంటికి యజమానియై, కాగులోని మొదటి నీరు తనదిగ ఎరిగినవాడు, ఇప్పుడు కుమారుని చేతులలో ఒదిగి కూర్చుండవలెను. నీరు సరిగ కాగినదాయని అడుగుట, తుండుగుడ్డ కప్పి మర్యాద కాపాడుట, తొందరపెట్టకుండుట, ఇవన్నియు లింగపూజలోని ఉపచారములకు తక్కువైనవి కావు. పూజామందిరములో గంటసేపు కూర్చుండి, తండ్రి స్నానమును పనివానికి వదలువాడు ఏ పూజ పెద్దదో తూచి చూచుకొనవలెను.

తుదకు లింగైక్యము చెందినవారికి చేయించు స్నానము. దేహమును కడిగి, విభూతి ధరింపజేసి, కూర్చుండబెట్టి, సమాధి చేయుట వీరశైవ సంప్రదాయము. ఆ స్నానము మైలను పోగొట్టుటకు కాదు, మైల లేదు గదా! ఆ దేహము ఇన్నియేండ్లు లింగమునకు నిలయమైనది. దానికి చేయు చివరి మర్యాద అది. జీవితమంతయు మిగిలిన నీటితోనే స్నానము చేసిన తల్లికి ఆనాడు మాత్రము కాగునిండ నీరు కాచి పోయుటలో మర్యాద యున్నది గాని తీరని అప్పును ఉన్నది. ఆ అప్పు తీర్చవలసినది ఆమె బ్రదికియున్న ఉదయములందే.

మఠములకు ఒక మాట

మఠములు విద్యార్థులను చేరదీసి అన్నము పెట్టి చదివించుట ఈ సమాజము గర్వింపదగిన సంప్రదాయము. తుమకూరు సిద్ధగంగా మఠమందు డాక్టర్ శివకుమారస్వామివారు (1907–2019) కులమత భేదము లేక వేలాది పిల్లలకు అన్నమును, ఆశ్రయమును, చదువును ఇచ్చిన సంగతి దేశమంతయు ఎరిగినది. అట్టి మార్గమున నడచు చిన్న మఠములును, వసతిగృహములును తెలుగునాట సైతము ఉన్నవి. అన్నదాసోహమునకు దాతలు ముందుకు వత్తురు. నీళ్ళ పొయ్యికి దాతలు దొరకరు. వంద పిల్లలున్న వసతిగృహమున చలికాలపు ఉదయము ఏడేండ్ల పిల్లవాడు చన్నీటి తొట్టివద్ద నిలబడి ఏడ్చినచో దానిని క్రమశిక్షణ యనరాదు. పెద్దవారి గదులకు వేడినీరు పోవుచు, పిల్లలకు పోకున్నచో అది దాసోహమును తలక్రిందులు చేయుట. ఒక సంవత్సరపు ఉత్సవములో కొంత అలంకారము తగ్గించి, కప్పుపై సౌరతాపకములు అమర్చినచో ఆ ఉత్సవము పదేండ్లు ప్రతి ఉదయమును సాగినట్లే.

పాదోదకమును స్వీకరించు భక్తుడు నీటి మహిమ నదిలో లేదని ఎరుగును. కాశి నీరైనను కొళాయి నీరైనను భక్తి సంబంధము వలననే పాదోదకమగును. స్నానజలమునకును ఈ న్యాయమే చెల్లును. నీటికి పవిత్రత పొయ్యి ఇయ్యదు, నది ఇయ్యదు. దానిని పంచుకొను విధము ఇచ్చును. ఇంటిలో చివర స్నానము చేయువారికి మొదటివానికి దొరికిన వేడియే దొరికిన ఉదయమున ఆ ఇంటివారందరును శుచులై పూజకు కూర్చున్నట్లు. దొరకని ఉదయమున ఒక్కరును శుచులు కారు. చన్నీళ్ళు పోసికొని వచ్చిన ఆ ఒక్క శరణి తప్ప.

శరణు శరణార్థి.